బాగ్‌బేరాలో నేను పట్టుకున్న చెయ్యి

మా సంస్థ పాత వార్షిక నివేదికల్లో ఒకదానిలో నా గురించి ఒక వాక్యం ఉంది. "క్షేత్ర కార్యకర్త ఒకరు చూపిన అప్రమత్తత వల్ల బాగ్‌బేరా ప్రాంతంలో ఒక కొత్త రోగి తొలిదశలోనే బయటపడింది" అని. పేరు వెయ్యలేదు. ఆ కార్యకర్త నేనే. వాక్యంలో అబద్ధం లేదు. రాసిన కార్యదర్శిగారు అబద్ధం రాసే మనిషి కారు. అయితే ఆ వాక్యంలో పట్టనిది చాలా ఉంది. ఇప్పుడు ఇలాంటి సంస్థల్లో చేరుతున్న పిల్లలకు అది కొంత పనికొస్తుందేమోనని రాస్తున్నాను. పనికిరాదనిపిస్తే ఒక రిటైరైన మనిషి కాలక్షేపం అనుకుని పక్కన పెట్టండి.

అవి డెబ్బైల చివరి సంవత్సరాలు. జంషెడ్‌పూర్ అప్పటికింకా బీహార్‌లోదే. మాది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. నాన్న టాటానగర్ లోకో షెడ్డులో ఫైర్‌మన్. నేను బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లలోనే పుట్టి పెరిగాను. రైల్వేలో ఉద్యోగం వస్తుందని రెండేళ్లు చూసి, రాకపోతే, కుష్టు నివారణ కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. ఆరు నెలలు శిక్షణ ఇచ్చారు. చర్మం మీద మచ్చ ఎలా చూడాలి, దూదిపోగుతో స్పర్శ ఎలా పరీక్షించాలి, మోచేతి వెనక నరం లావెక్కిందో లేదో వేళ్లతో ఎలా పట్టుకుని చూడాలి, ఇవీ చదువు. మా అమ్మ మాత్రం అడిగినవాళ్లకు మావాడు దవాఖానాలో పనిచేస్తున్నాడని చెప్పేది. ఏ దవాఖానా అని ఎవరైనా రెట్టిస్తే పొయ్యి మీద ఏదో మాడుతోందని లోపలికి వెళ్లిపోయేది.

ఆ ఊళ్లో ఇలాంటి సంస్థ అవసరమేమిటని మీరడగవచ్చు. ఉక్కు కంపెనీ వాళ్లకు కంపెనీ ఆసుపత్రి ఉంది. రైల్వే వాళ్లకు రైల్వే ఆసుపత్రి ఉంది. గేటు దగ్గర చీటీ చూపిస్తే చాలు, మందులు, మంచం, అన్నీ ఉంటాయి. ఆ చీటీ లేనివాళ్లు కూడా ఊళ్లో బోలెడంతమంది. కంట్రాక్టు కూలీలు, ఇటుక మోసే ఆడవాళ్లు, బళ్లు పెట్టుకుని అమ్ముకునేవాళ్లు, రైల్వే యార్డు గోడ పక్కన రేకులు కప్పుకుని బతికేవాళ్లు. వాళ్లు ఎవరి లెక్కలోకీ రారు. సర్కారు ఆసుపత్రి అందరిదీ, కాని ఈ రోగంతో అక్కడి వరసలో నిలబడడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు. మాకు పెద్ద మేడలూ లేవు, యంత్రాలూ లేవు. మేము వాళ్ల ఇళ్లలోకి వెళ్లగలం. మా గొప్పంతా అదే. మా వల్ల జరగగల చెడు కూడా అక్కడి నుంచే వస్తుందని నాకు తెలియడానికి కొంత కాలం పట్టింది.

ఆఫీసులో మేము అయిదారుగురం. కార్యదర్శి ఒక రిటైరైన బెంగాలీ హెడ్‌మిస్ట్రెస్, ఊళ్లోనే కద్మా అనే పేటలో ఒంటరిగా ఉండేవారు. చేతిగడియారం చూసి గుడ్‌మార్నింగ్ చెప్పే మనిషి. వారానికి రెండు రోజులు ఒక డాక్టరుగారు వచ్చేవారు. వెనక షెడ్డులో చెప్పులు కుట్టే పెద్దాయన ఉండేవాడు. స్పర్శ పోయిన పాదాలకు రాయి గుచ్చుకున్నా తెలియదు, పుండు పడుతుంది. అందుకని మెత్తటి రబ్బరుతో ప్రత్యేకమైన చెప్పులు చెయ్యాలి. ఆయన ఒరిస్సా సరిహద్దు మనిషి, తెలుగు బాగానే మాట్లాడేవాడు. తనూ ఒకప్పటి రోగే. నయమై ఏళ్లయింది, కాని కుడిచేతి వేళ్లు వంకరపోయి మిగిలాయి. తోలుకు చిల్లు పొడిచే ఆరెను రెండు అరచేతుల మధ్య బిగించి పట్టుకుని కుట్టేవాడు. ఆయన్ని నేను తోటి ఉద్యోగిగా ఎప్పుడూ అనుకోలేదు. సంస్థ దయ తలచి ఉంచుకున్న రోగి అనుకునేవాణ్ణి. నా తప్పుల్లో ఇది మొదటిది, ఏ నివేదికలోనూ ఎక్కనిది.

నాకొక సైకిలిచ్చారు. ఆకుపచ్చది, సరికొత్తది, విదేశీ దాతల డబ్బుతో కొన్నది. మధ్య కడ్డీకి తగరపు రేకు బిగించి దాని మీద హిందీలోనూ ఇంగ్లీషులోనూ సంస్థ పేరు, కింద "కుష్ఠ నివారణ" అని పెద్దక్షరాలతో రాయించారు. నేను దాన్ని రోజూ తుడిచేవాణ్ణి.

మా క్వార్టర్ల నుంచి స్టేషనుకు పోయే దారిలో, యార్డు గోడను ఆనుకుని ఒక టిఫిన్ దుకాణం ఉండేది. నాలుగు వాసాలు, పైన టార్పాలిన్, రెండు బెంచీలు. నడిపే ఆవిడ పలాస అవతలి పల్లెటూరి మనిషి, ముప్ఫై అయిదేళ్లుంటాయి. భర్త గూడ్సు షెడ్డులో కంట్రాక్టరు కింద బస్తాలు మోసేవాడు. నేను ఆవిణ్ణి అప్పా అనేవాణ్ణి, మా వైపు అప్ప అంటే అక్క. నైట్ డ్యూటీ దిగిన ఫైర్‌మన్లు, గార్డులు, డ్రైవర్లు పొద్దున్నే అక్కడ ఆగి ఇడ్లీలో గారెలో తినిగాని ఇంటికి పోయేవాళ్లు కారు. నేనూ ఆఫీసుకు పోతూ అక్కడే తినేవాణ్ణి.

ఒక రోజు పొద్దున్న గారెల మూకుడు దించుతోంది. కుడిచేత్తో మసిగుడ్డ పెట్టి ఒక చెవి పట్టుకుంది. ఎడమచేత్తో రెండో చెవి ఉత్తినే పట్టుకుంది. సలసల కాగిన నూనె మూకుడు. దించి, పక్కన పెట్టి, ఏమీ జరగనట్టు మళ్లీ పిండి తీసుకుంది. నేను ఆ చెయ్యి చూశాను. అరచేతి అంచున పాత బొబ్బ మచ్చలు నాలుగైదు. చిటికెనవేలు పక్క వేలికి కలవకుండా దూరంగా నిలబడి ఉంది. ముంజేతి మీద, మోచేతికి దిగువగా, రంగు తేలిన మచ్చ.

శిక్షణలో చెప్పినవన్నీ ఒక్క చేతి మీద, బొమ్మ గీసి పెట్టినట్టు కనబడ్డాయి. నాకు సంతోషం వేసింది. ఈ మాట రాయడానికి ఇప్పుడు కష్టంగానే ఉంది, కాని నిజం అదే. లేచి వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. మోచెయ్యి మడిచి వెనక నరం పట్టి చూశాను. తాడులా ఉంది. జేబులోంచి దూది తీసి మచ్చ మీద తాకించి, "అప్పా, ఇక్కడ ముట్టుకుంతే తెలుత్తందా?" అని అడిగాను. ఆవిడ పిండిచేత్తో నన్ను చూస్తూ ఉండిపోయింది. రేపు మా ఆఫీసుకు రా, డాక్టరుగారుంటారు అన్నాను.

రోగం పేరు నేనెత్తలేదు. నా వెనక సైకిలు స్టాండు వేసి ఉంది. బెంచీల మీద నలుగురైదుగురు తింటున్నారు. వాళ్లలో హిందీ చదవడం రానివాడు లేడు.

ముందు లేచింది ఒక గూడ్సు రైలు డ్రైవరు. మా కాలనీ కమిటీకి ప్రెసిడెంటు. నాన్న ఏళ్ల తరబడి ఆయన ఇంజను మీదే బొగ్గు వేశాడు. నేను పెదనాన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన సగం కొరికిన గారె ఆకులో పెట్టేసి, చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. ఆయన వెనకే మిగతావాళ్లూ. ఆవిడ చెయ్యి విడిపించుకుంది. పిండి రుబ్బిన పాత్ర మీద మూత పెట్టింది.

మర్నాడు ఆవిడ ఆఫీసుకు రాలేదు. ఆవిడ దుకాణానికి కూడా ఎవరూ రాలేదు. నాలుగో రోజుకు కాలనీ కుళాయి దగ్గర ఆవిడ బిందె పెట్టనివ్వడం లేదని అమ్మ చెప్పింది. అమ్మ గొంతులో నా మీద కోపం ఉందో, ఆవిడంటే భయం ఉందో నాకు తెలియలేదు. రెండూ ఉండి ఉంటాయి.

నేను చేసిన తప్పును నేనే దిద్దాలనుకున్నాను. దిద్దిన పద్ధతి చూడండి. ఆఫీసులో ఉన్నవాళ్లందరినీ కూడగట్టుకుని వారం రోజులు పొద్దున్నే ఆ దుకాణానికి తీసుకువెళ్లాను. బెంచీలు నిండాయి. బయట మూడు ఆకుపచ్చ సైకిళ్లు వరసగా నిలబడ్డాయి. వారం చివర ఆవిడ మొదటిసారి నాతో మాట్లాడింది.

"బాబూ, మంచి సేద్దారనే వత్తన్నావు, అది నాకు తెలుసు. నీ కూడా వచ్చినోలందరూ ఆ ఆఫీసోలే. దారినపోయినోలు సూసి ఇది రోగిష్టోల హోటలు అనుకుంతన్నారు. నువ్వు రావడం మానీ. ఆ సైకిలు మా కాడ ఆపకు."

కార్యదర్శిగారికి జరిగింది చెప్పాను. ఆవిడ అంతా విని, కాసేపు కళ్లజోడు తుడుచుకుని, సంస్థలో బుట్టలు అల్లే విభాగం ఉంది కదా, అక్కడ అప్పకు చోటిద్దామన్నారు. ఆ రోజుల్లో మా దగ్గరున్న మందు అదొకటే: ఎవరి పని పోయినా బుట్టలు అల్లించడం. సైకిలు వదిలి నడిచి వెళ్లి ఆ సంగతి చెప్పాను. ఆవిడ ఖాళీ బెంచీ తుడుస్తూ అంది, "నాకు పని నేకపోతే కదా మీరు పనిచ్చీది. నాకు పనుంది. తినీవోలే నేరు."

మాత్రలు ఇస్తామంటే వద్దంది. ఆ రోజుల్లో రోజుకో మాత్ర, ఏళ్ల తరబడి మింగాలి. మింగకపోతే ఆ చిటికెనవేలు మొదలు, తరవాత పక్కది, తరవాత చెయ్యి మొత్తం. ఆ మాట చెబితే ఆవిడ వినిపించుకోలేదు. ఎందుకు వింటుంది? ఆవిడ దుకాణం ఖాళీ కావడానికి కారణం రోగం కాదు, నేను. నేను చెప్పే మాట ఏదైనా ఆవిడకు అక్కర్లేదు.

ఈ సంగతి నేను ఎవరికో చెప్పుకుంటుంటే షెడ్డులో పెద్దాయన విన్నాడు. నన్ను పిలిచి కూర్చోమన్నాడు. అదివరకు ఆయన షెడ్డులో నేనెప్పుడూ కూర్చోలేదు. కుడుతున్న చెప్పు దించకుండానే అన్నాడు.

"నువ్వు ఆయమ్మ రోగం పదిమందికీ సూపించినావు బాబూ. ఆయమ్మకి మాత్రం సూపించనేదు."



ఆయన ఒక మధ్యాహ్నం, దుకాణం కట్టేసిన వేళ, నడిచి వెళ్లాడట. లోపలికి పోకుండా ఎదురుగా నేల మీద కూర్చుని, తన చెయ్యి చూపించాడట. తనదీ ఒకప్పుడు చిటికెనవేలితోనే మొదలైందని, అప్పుడు ఎవరూ చెప్పలేదని, చెప్పినా తను విని ఉండేవాడు కాదని చెప్పాడట. తరవాత మూకుడు చెవుల కొలత అడిగి తీసుకున్నాడు. వారంలో మందపాటి తోలుకు లోపల నార కుట్టి రెండు పట్టీలు చేశాడు, గరిటెకు చెక్క పిడి బిగించాడు. వేడి తెలియని చేతికి వేడి తగలకుండా చూడడమే ముఖ్యం, మాత్ర దాని తరవాత. ఇదంతా నాకు శిక్షణలో చెప్పారు. నేను రాసుకున్నాను కూడా.

ఆవిడ మాత్రలు వేసుకోవడానికి ఒప్పుకుంది. ఒక షరతు పెట్టింది: నా చేతి మీదుగా రాకూడదు, ఆఫీసు మనుషులెవరూ రాకూడదు. అప్పుడు కార్యదర్శిగారు చేసిన పని, నియమాల పుస్తకం కంఠతా పట్టిన ఆ మనిషి చేస్తారని నేను ఊహించలేదు. ప్రతి శనివారం పొద్దున్న కద్మా నుంచి రిక్షాలో వచ్చి, అల్యూమినియం టిఫిన్ డబ్బా ఇచ్చి, ఇడ్లీలు కట్టించుకుని వెళ్లేవారు. ఖాళీగా ఇచ్చిన డబ్బా అడుగున వారానికి సరిపడా మాత్రలు కాగితంలో చుట్టి ఉండేవి. కార్యదర్శిగారికి ఇడ్లీ అంటే బొత్తిగా గిట్టదు. ఆ ఇడ్లీలు మా చౌకీదారు తినేవాడు. దాదాపు ఖాళీగా ఉండే ఆ దుకాణం ముందు, ఇస్త్రీ చీర కట్టుకున్న పెద్దావిడ ఒకరు వారం వారం రిక్షా దిగడం రోడ్డున పోయేవాళ్లు చూస్తూ ఉండేవారు.

ఇంతలో కాలనీ కమిటీ కదిలింది. ప్రెసిడెంటు, అంటే ఆ డ్రైవరు పెదనాన్న, స్వయంగా మా ఆఫీసుకు వచ్చాడు. కాలనీలో ప్రతి మనిషినీ పరీక్ష చెయ్యాలి, ఎవరికైతే ఉందో వాళ్లని ఊరవతల కుష్టు రోగుల ఆశ్రమానికి మీరే తీసుకుపోవాలి అన్నాడు. పరీక్ష చెయ్యడం మా పని, తీసుకుపోవడం మా పని కాదని కార్యదర్శిగారు జవాబిచ్చారు. ఆయన వాదించలేదు. చెడ్డవాడని మీరనుకోకండి. నాన్నకు జ్వరం వచ్చినప్పుడు ఆ డ్యూటీ తన కొడుకులాంటి కుర్రాడితో చేయించి, నాన్న జీతం కోతపడకుండా చూసిన మనిషి. కాలనీని కాపాడుతున్నానని ఆయన నిజంగా నమ్మాడు. ఆదివారం పరీక్షలు, సోమవారం ఆ దుకాణాన్ని రైల్వే స్థలంలోంచి తీయించమని అర్జీ. అర్జీ రాసి పెట్టారు, ప్రెసిడెంటు సంతకమే తరువాయి. ఈ సంగతి కాలనీలో అందరికీ తెలుసు, ఆవిడకూ తెలుసు.

ఆదివారం పొద్దున్న తెలుగువాళ్ల సంఘం హాలు వరండాలో తాడు కట్టి దుప్పట్లు వేలాడదీశాం. ఒకవైపు మగవాళ్లకు నేను. రెండోవైపు ఆడవాళ్లకు నర్సు. డాక్టరుగారు లోపల గదిలో. వెలుతురు బాగా పడాలి, మచ్చ తెలియాలంటే ఎండ కావాలి. జనం నేననుకున్నదానికన్నా ఎక్కువే వచ్చారు. కాని వరసలో ముందు నిలబడడానికి ఎవరికీ ఇష్టం లేదు. అది చూసి పెదనాన్న, నేను ముందు చేయించుకుంటాను, నన్ను చూసి మీరు రండి అని చొక్కా విప్పుతూ దుప్పటి వెనక్కి వచ్చాడు.

ఛాతీ, చేతులు, ముఖం, చెవులు చూశాను. ఏమీ లేదు. వెనక్కి తిరగమన్నాను.

నడుముకు కాస్త పైన, ఎడమవైపు, అరచేయంత మచ్చ. ఇంజను సెగకు నల్లబడ్డ ఆ వీపు మీద అది స్పష్టంగా ఉంది. అంచులు ఉబ్బి, మధ్య పాలిపోయి. ఆయనకు కనబడని చోటు. ఇంట్లో ఎవరైనా చూసినా తామర అనుకుని ఉంటారు.

కళ్లు మూసుకోమన్నాను. నేను ముట్టుకున్నప్పుడల్లా వేలితో చూపించమన్నాను. దూదిపోగుతో ముందు భుజం మీద తాకించాను, వెంటనే చూపించాడు. తరవాత మచ్చ మీద తాకించాను. చూపించలేదు. మరో చోట తాకించాను. మూడోసారి కొంచెం ఒత్తి తాకించాను. ఆయన కళ్లు మూసుకునే, మామూలు గొంతుతో అడిగాడు.

"ఏట్రా, ఆగిపోయినావు? కానీ."

తెర దుప్పటిదే. అవతల యాభైమంది నిలబడి ఉన్నారు, వాళ్ల ఊపిరి కూడా వినబడుతోంది. నేను గట్టిగా అరవక్కర్లేదు. పక్క తెర వెనక ఉన్న నర్సుతో మామూలుగా చెప్పినట్టు ఒక్క మాట అంటే చాలు. సోమవారం అర్జీ ఉండదు. బహుశా ఆ ప్రెసిడెంటే ఉండడు. ఆవిడకు నేను చేసిన అన్యాయానికి సరిపడా బదులు నా చేతిలో దూదిపోగంత తేలిగ్గా ఉంది. అనాలనిపించలేదని రాస్తే అబద్ధమవుతుంది. చాలా అనాలనిపించింది. ఆ మాట అంటే ఆవిడ దుకాణం నిలబడుతుందని ఆ క్షణంలో గట్టిగా నమ్మాను. ఇప్పుడు ఆలోచిస్తే నిలబడేది కాదనిపిస్తుంది. ఒక ఇంటికి బదులు రెండు ఇళ్లకు నీళ్లు ఆపేవాళ్లు, అంతే.

అప్పుడు ఇంత ఆలోచన లేదు. నా నోరు మూయించింది వివేకం కాదు. మూకుడు పక్కన పిండిచేత్తో నిలబడి నన్ను చూసిన ఆవిడ ముఖం.

"అయిపోనాది పెదనాన్నా, సొక్కా ఏసుకోండి," అన్నాను. తరవాతి మనిషిని పిలిచాను.

మధ్యాహ్నం జనం అంతా వెళ్లిపోయాక, పరీక్షల కాగితం మీద ప్రెసిడెంటు సంతకం కావాలన్న మిషతో ఆయన్ని డాక్టరుగారి గదిలోకి పిలిచాను. డాక్టరుగారు తలుపు మూసి, మళ్లీ చూసి, హిందీలో నెమ్మదిగా చెప్పారు. హిందీ పెదనాన్నకు తెలుగంత బాగా వచ్చు. అయినా నా వైపు తిరిగి చూశాడు, తెలుగులో చెప్పమన్నట్టు. తెలుగులో చెప్పాను. కుర్చీలో కూర్చున్నాడు. చొక్కా బొత్తాలు ఒకదానికి బదులు ఒకటి పెట్టుకున్నాడు, విప్పి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఎవులెవులికి తెలుసు?"

డాక్టరుగారికీ నాకూ, రాసుకోవడం వరకు కార్యదర్శిగారికి తెలుస్తుందన్నాను.

"మీ నాన్నకి?"

"సెప్పను."

ఆ తరవాత, "ఇంట్లో మనవరాలుంది. నా ఒళ్లోనే పడుకుంతాది. అంటుతాదా?" అన్నాడు.

డాక్టరుగారు అంటదన్నారు. ఈ రకం అంటదు, మాత్రలు వేసుకుంటే పూర్తిగా పోతుంది, చేతులూ కళ్లూ బాగానే ఉన్నాయి కనక ఇంజను నడపడానికి ఏ అడ్డూ లేదన్నారు. ఆ మాట తరవాత డాక్టరుగారు ఆగారు. నేను ఆగలేదు.

"ఇడ్లీల అప్పదీ ఇదే రకం, పెదనాన్నా."

ఆయన కుర్చీలోంచి లేచాడు. "అందుకా పిలిసినావు నన్ను?"

కాదన్నాను. అది సగం నిజం. ఒక రోగి సంగతి ఇంకో రోగికి చెప్పడం మా వృత్తిలో తప్పు. ఊరందరికీ తెలిసిన సంగతే కదా అని నాకు నేను ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. దాన్ని వైద్య సలహా అనాలో, బెదిరింపు అనాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. మీరైతే ఏం చేసేవారో మీరే ఆలోచించుకోండి.

సోమవారం అర్జీ పోలేదు. కమిటీవాళ్లు సంతకం కోసం వెళితే తలనొప్పి అన్నాడట. మర్నాడు డ్యూటీ అన్నాడట. చివరికి, ఆ రోగం అంటదని డాక్టరు చెప్పాడు, పైగా రైల్వేవాళ్లు ఒక దుకాణం తీయడానికి టేపు పట్టుకుని వస్తే అన్ని స్థలాలూ కొలుస్తారు అన్నాడట. ఈ రెండో మాట బాగా పనిచేసింది. కమిటీలో సగంమంది క్వార్టరు వెనక రైల్వే స్థలంలో పశువుల పాకో, అదనపు గదో వేసుకుని ఉన్నారు. అర్జీ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కుళాయి సంగతి ఇంకోలా తేలింది. ఒక రోజు పొద్దున్న నీళ్ల వేళకు పెదనాన్న కుళాయి పక్కనే కుర్చీ వేయించుకుని పేపరు చదువుతూ కూర్చున్నాడు. ఆవిడ బిందెతో వచ్చింది. ఆడవాళ్లు ఆయన వైపు చూశారు. ఆయన పేపర్లోంచి తలెత్తలేదు. ఆవిడ బిందె పెట్టింది, నిండింది, తీసుకుపోయింది. అలా వారం రోజులు కూర్చున్నాడు. ఆవిడ దుకాణంలో మాత్రం ఆయన మళ్లీ ఎప్పుడూ తినలేదు. ఎందుకని నేను అడగలేదు.

దుకాణానికి జనం తిరిగి రావడానికి మా ప్రచారం ఏమీ సాయం చెయ్యలేదు. ముందు వచ్చినవాళ్లు సంగతి తెలియని బయటి ఊళ్ల గార్డులు. తరవాత తెలిసినా స్టేషను దాకా నడవలేని ఆకలిగొన్నవాళ్లు. ఆ తరవాత వాళ్లని చూసినవాళ్లు. ఏడాది పట్టింది.

పెదనాన్న నెలకోసారి ఆదివారం సాయంత్రం కద్మాలో కార్యదర్శిగారి ఇంటికి వెళ్లేవాడు. మనవరాలి చదువు గురించి సలహా కోసమని ఇంట్లో చెప్పేవాడు. ఆవిడ టీ ఇచ్చి, మాత్రలు ఇచ్చి, నిజంగానే మనవరాలికి లెక్కల పుస్తకాలు కూడా ఇచ్చి పంపేవారు. శనివారం ఇడ్లీలు, ఆదివారం లెక్కలు. ఆ ఇద్దరి మాత్రలూ ఒకే సీసాలోవని ఆ ఇద్దరికీ తెలియదు.

సైకిళ్ల మీది రేకులు విప్పించమని నేను అడిగాను. దాతలు ఒప్పుకోలేదు, తమ సాయం జనానికి కనబడాలి కదా అన్నారు. కార్యదర్శిగారు రెండు ఉత్తరాలు రాసి, మూడోది రాయకుండా, షెడ్డు పెద్దాయన్ని పిలిచి నల్లరంగు డబ్బా ఇచ్చారు. ఆయన రేకుల మీది అక్షరాలు చెరిపేసి, ఆ ఊపులో తన చెప్పుల మీద కూడా దృష్టి పెట్టాడు. మా చెప్పులు చూస్తే ఎవరైనా పోల్చేసేవారు, ఒకే నలుపు, ఒకే పట్టీ. బజారులో అమ్మే రకాలు కొని తెచ్చి విప్పి చూసి, పైకి అలాగే ఉండి లోపల మెత్తగా ఉండేలా కుట్టడం మొదలుపెట్టాడు. ఆ తరవాతే మా రోగులు ఆ చెప్పులు సంచిలో దాచుకోకుండా వేసుకుని రోడ్డు మీద నడిచారు. దీన్ని ఏ నివేదికలోనూ రాయలేదు, ఏ గడిలో రాయాలో తెలియక.

నేను తరవాత చాలా ఏళ్లు ఆ సంస్థలోనే ఉన్నాను. పెద్ద మీటింగుల్లో కూర్చున్నాను. దేశం ముందుకు పోవడంలో స్వచ్ఛంద సంస్థల పాత్ర గురించి ఉపన్యాసాలు విన్నాను, ఒకటి రెండు ఇచ్చాను కూడా. సర్కారు చేరలేని చోటికి మనం చేరతాం అని అందరం అనేవాళ్లం. నిజమే, చేరతాం. చేరాక ఆ గుమ్మంలో ఎలా నిలబడాలో ఆ ఉపన్యాసాల్లో ఉండేది కాదు.

డ్రైవరు పెదనాన్న చికిత్స ముగిసింది, రిటైరయ్యాడు, ఆ రోగం సంగతి మా నాన్నకు తెలియకుండానే చనిపోయాడు. పేర్లెందుకు రాయలేదో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది. వాళ్ల పిల్లలున్నారు, ఆ పిల్లలకు పిల్లలున్నారు.

ఇడ్లీల ఆవిడ చికిత్స అయిపోయిన రోజు మొదటిసారి మా ఆఫీసుకు వచ్చింది. వెనక దారిన కాదు, ముందు గేటులోంచి, భర్తను వెంటబెట్టుకుని. చిటికెనవేలు వంగినట్టే మిగిలింది, మిగతా చెయ్యి దక్కింది. డాక్టరుగారు కార్డు మీద "చికిత్స పూర్తి" అని రాసిచ్చారు. షెడ్డులోకి వెళ్లి పెద్దాయనతో చాలాసేపు మాట్లాడింది. కార్యదర్శిగారి కాళ్లకు దణ్ణం పెట్టబోతే ఆవిడ వద్దని, గడియారం చూసుకుని, శనివారాలు ఇంక తీరుబడి అన్నారు.

పోతూ పోతూ ఆవిడ నా బల్ల దగ్గర ఆగింది. ఇన్నేళ్లలో నన్ను బాబూ అనే పిలిచింది, ఒక్కసారీ తమ్ముడా అనలేదు. ఆ రోజు కూడా బాబూ అనే అంది. ఆనాడు అర్జీ రాసుకున్నాక ప్రెసిడెంటు ఎందుకు సంతకం పెట్టలేదని అడిగింది. కుళాయి కాడ ఎందుకు కూర్చున్నాడని అడిగింది. నాకు తెలియదన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. కోపంగా కాదు.

"నీకు తెలుసు," అంది. "సెప్పకు."